కొవిడ్ కాలంలో స్వదేశీ శ్వాస పరికరాలు: తయారీ, వినియోగం, నిర్వహణ
(నేపథ్య వ్యాసం)

కొవిడ్-19 మహమ్మారి 2020 మార్చిలో దేశమంతటా విస్తరించడం మొదలైన నాటికి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ముందు నిలిచిన అతి పెద్ద ప్రశ్న శ్వాస పరికరాలది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగిని నిలబెట్టే వెంటిలేటర్లలో అధిక భాగం అప్పటివరకు విదేశాల నుంచి వచ్చేవి. ప్రపంచ దేశాలన్నింటికీ ఒకేసారి అవసరం ఏర్పడడంతో ఆ దిగుమతి మార్గం దాదాపు మూసుకుపోయింది. ఈ పరిస్థితిలో ప్రభుత్వ రంగ సంస్థలు, రక్షణ పరిశోధనశాలలు, విద్యాసంస్థలు, ప్రైవేటు పరిశ్రమలు కలిసి స్వదేశీ పరికరాల తయారీకి పూనుకున్నాయి. ఈ కృషిలో విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌కు, హైదరాబాద్‌లోని సంస్థలకు చెప్పుకోదగిన పాత్ర ఉంది.

కొద్ది నెలల్లోనే వేల సంఖ్యలో యంత్రాలు తయారయ్యాయి. అయితే కర్మాగారం నుంచి బయటకు వచ్చిన యంత్రం రోగి పడక వద్ద పనిచేయాలంటే తగిన పీడనంతో ఆక్సిజన్, నిలకడైన విద్యుత్తు, శిక్షణ పొందిన సిబ్బంది, విడిభాగాలు, మరమ్మతు ఏర్పాట్లు అన్నీ సమకూరాలని 2021లో వచ్చిన రెండో విడత ఉధృతి రుజువు చేసింది. పాత్రికేయులకు, జిల్లా స్థాయి అధికారులకు ఉపయుక్తంగా ఉండే విధంగా ఈ అనుభవాన్ని ఆద్యంతం ఇక్కడ క్రోడీకరించడం జరిగింది.

పరికరాలు - వాటి మధ్య తేడాలు

శ్వాసకు తోడ్పడే పరికరాలన్నింటినీ వెంటిలేటర్లుగా పేర్కొనడం వార్తా కథనాల్లో తరచు కనిపిస్తుంది. నిజానికి ఇవి వేర్వేరు పరికరాలు, వేర్వేరు దశల్లో ఉపయోగపడేవి.

అంబు బ్యాగ్: చేతితో నొక్కి రోగికి గాలి అందించే సంచి. విద్యుత్తు అవసరం లేదు. అంబులెన్సులలోనూ, రోగిని ఒక చోటు నుంచి మరొక చోటుకు తరలించేటప్పుడూ వాడతారు.

ఆక్సిజన్ కాన్సంట్రేటర్: గదిలోని గాలి నుంచి నైట్రోజన్‌ను వేరుచేసి సుమారు 93 శాతం స్వచ్ఛత గల ఆక్సిజన్‌ను అందించే యంత్రం. సాధారణంగా నిమిషానికి 5 లేదా 10 లీటర్ల సామర్థ్యంతో లభిస్తుంది. ఇది ఆక్సిజన్‌ను సమకూర్చుతుందే తప్ప రోగి తరఫున శ్వాసించదు.

సీపాప్, బైపాప్: ముఖానికి బిగుతుగా అమర్చిన మాస్కు ద్వారా పీడనంతో గాలిని పంపి, ఊపిరితిత్తులలోని గాలి గదులు మూసుకుపోకుండా చూసే పరికరాలు. సీపాప్‌లో పీడనం ఒకే స్థాయిలో ఉంటుంది. బైపాప్‌లో ఉచ్ఛ్వాసకు ఒక స్థాయి, నిశ్వాసకు మరొక స్థాయి ఉంటాయి. గొంతులోకి గొట్టం వేయవలసిన అవసరం ఉండదు.

హై ఫ్లో పరికరం: వేడి, తేమ కలిపిన ఆక్సిజన్‌ను ముక్కు గొట్టాల ద్వారా నిమిషానికి 60 లీటర్ల వరకు పంపుతుంది. రోగికి మేలు చేసేదైనా ఆక్సిజన్ వినియోగం అత్యధికం.

ఐసీయూ వెంటిలేటర్: రోగి శ్వాసనాళంలో అమర్చిన గొట్టం ద్వారా నిర్ణీత పరిమాణంలో, నిర్ణీత పీడనంతో, నిర్ణీత ఆక్సిజన్ శాతంతో గాలిని అందించే యంత్రం. ఆక్సిజన్ శాతాన్ని సాధారణ గాలిలో ఉండే 21 నుంచి 100 వరకు మార్చుకోవచ్చు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న వారికి ఒక్కో శ్వాసకు, ఎత్తును బట్టి లెక్కగట్టిన శరీర బరువులో కిలోకు సుమారు 6 మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే గాలి ఇవ్వాలన్నది స్థిరపడిన వైద్య విధానం. ఆ లెక్కన 60 కిలోల వ్యక్తికి ఒక శ్వాస 360 మిల్లీలీటర్లు. అంతకు మించితే ఊపిరితిత్తులకే గాయం కాగలదు. కనుకనే వెంటిలేటర్ తయారీలో గాలిని పంపడం కన్నా ఎంత పంపుతున్నదీ కచ్చితంగా కొలవడం ముఖ్యమైన పని.

చరిత్రలో రెండు ఉదాహరణలు

ఆపత్కాలంలో శ్వాస పరికరాలను స్థానికంగా తయారు చేసుకోవడం కొత్త సంగతి కాదు. 1937లో దక్షిణ ఆస్ట్రేలియాలో పోలియో ప్రబలినప్పుడు ఎడ్వర్డ్ బోత్ అనే సాంకేతిక నిపుణుడు ఖరీదైన ఉక్కు శ్వాస యంత్రానికి బదులుగా ప్లైవుడ్‌తో పెట్టె వంటి యంత్రాన్ని రూపొందించారు. 1938లో బ్రిటన్‌లోని మోరిస్ మోటార్ల అధిపతి లార్డ్ నఫీల్డ్ ఆ యంత్రాలను తన కార్ల కర్మాగారంలో తయారు చేయించి, కోరిన ఆసుపత్రులకు ఉచితంగా అందజేయడానికి ముందుకు వచ్చారు.

రెండవది 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో జరిగింది. పోలియో రోగులతో నిండిపోయిన బ్లెగ్డామ్ ఆసుపత్రిలో అప్పటికి ఉన్న శ్వాస యంత్రాలు ఏడు మాత్రమే. మొదటి మూడు వారాల్లో యంత్ర సహాయం పొందిన 31 మందిలో 27 మంది మరణించారు. మత్తు వైద్య నిపుణుడు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు రోగుల శ్వాసనాళంలో గొట్టం అమర్చి రబ్బరు సంచితో చేతులతో గాలి అందించడం ఆగస్టు నెలాఖరులో ప్రారంభమైంది. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతుల వారీగా రాత్రింబవళ్లు ఆ సంచులను నొక్కారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు ఆ ఆసుపత్రే ఆరంభంగా వైద్య చరిత్రకారులు పరిగణిస్తారు.

మొదటి ఉదాహరణ కర్మాగారం శక్తిని, రెండవది శిక్షణ పొందిన మానవ హస్తం విలువను తెలియజేస్తాయి. ఈ రెండింటి అవసరమూ 2020-21లో మన దేశానికి అనుభవంలోకి వచ్చింది.

కొరత అంచనా - తొలి చర్యలు

కేంద్ర ప్రభుత్వం 2020 మార్చిలోనే వెంటిలేటర్ల ఎగుమతిని నిషేధించింది. వైద్య పరికరాల లభ్యతను పర్యవేక్షించిన సాధికార బృందం 2020 మే 1న వెల్లడించిన వివరాల ప్రకారం ఆ సంవత్సరం జూన్ వరకు దేశానికి అవసరమయ్యే వెంటిలేటర్లు 75,000 కాగా, అందుబాటులో ఉన్నవి 19,398. కేంద్ర ప్రభుత్వ సంస్థ హెచ్ఎల్ఎల్ లైఫ్‌కేర్ ద్వారా 60,884 వెంటిలేటర్లకు ఆర్డర్లు ఇవ్వగా, అందులో 59,884 దేశీయ తయారీదారులకే దక్కాయి. దిగుమతికి కేటాయించినవి 1,000 మాత్రమే. దేశీయ ఆర్డర్లలో మైసూరుకు చెందిన స్కన్‌రే సంస్థ సహకారంతో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ (బీఈఎల్) 30,000, ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 13,500, మారుతి సుజుకి సహకారంతో అగ్వా సంస్థ 10,000 చొప్పున సరఫరా చేయవలసి ఉంది.

2020 మే 13న పీఎం కేర్స్ నిధి నుంచి 3,100 కోట్ల రూపాయల కేటాయింపు ప్రకటించారు. ఇందులో 50,000 స్వదేశీ వెంటిలేటర్లకు 2,000 కోట్లు, వలస కార్మికుల సంక్షేమానికి 1,000 కోట్లు, టీకా అభివృద్ధికి 100 కోట్లు కేటాయించారు. వెంటిలేటర్ల మొత్తాన్ని సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కదానికి సగటున 4 లక్షల రూపాయలు. జూన్ 23న ప్రధానమంత్రి కార్యాలయం ప్రకటించిన కేటాయింపు ఈ విధంగా ఉంది: బీఈఎల్ 30,000, అగ్వా 10,000, మెడ్‌టెక్ జోన్ సాధారణ రకం 5,650, మెడ్‌టెక్ జోన్ ఉన్నత రకం 4,000, అలైడ్ మెడికల్ 350. ఆ తేదీ నాటికి తయారైనవి 2,923. వాటిలో రాష్ట్రాలకు, కేంద్ర పాలిత ప్రాంతాలకు చేరినవి 1,340.

మెడ్‌టెక్ జోన్‌కు సంబంధించి మే 1 నాటి 13,500 సంఖ్య హెచ్ఎల్ఎల్ ద్వారా వచ్చిన మొత్తం ఆర్డరుకు, జూన్ 23 నాటి 9,650 సంఖ్య పీఎం కేర్స్ కేటాయింపునకు సంబంధించినవి. ఈ రెండింటినీ ఒకటిగా భావించి కలపడం గానీ, పోల్చడం గానీ సరికాదు. అదేవిధంగా ఆర్డరు ఇచ్చినవి, తయారైనవి, రాష్ట్రాలకు చేరినవి, ఆసుపత్రిలో అమర్చినవి, వాడుకలో ఉన్నవి అనే అయిదు సంఖ్యలు వేర్వేరు. ఏ సంఖ్యను ఉటంకిస్తున్నదీ స్పష్టం చేయడం అవసరం.

విడిభాగాల సమస్య

వెంటిలేటర్‌ను పైనుంచి చూస్తే ఒక తెర, కొన్ని మీటలు, రెండు గొట్టాలు. లోపల గాలిని, ఆక్సిజన్‌ను తగిన పాళ్లలో కలిపే మిశ్రమ భాగం, ప్రవాహాన్ని అంచెలంచెలుగా నియంత్రించే కవాటాలు, ప్రవాహాన్ని, పీడనాన్ని, ఆక్సిజన్ శాతాన్ని కొలిచే సెన్సార్లు, నిశ్వాస చివర ఊపిరితిత్తులలో కొంత పీడనాన్ని నిలిపి ఉంచే కవాటం, వీటన్నింటినీ నడిపించే సాఫ్ట్‌వేర్, ప్రమాదాన్ని హెచ్చరించే అలారాలు ఉంటాయి. తెర, పెట్టె, విద్యుత్ భాగాలు సమకూర్చుకోవడం మన పరిశ్రమకు కష్టం కాలేదు. సూక్ష్మ కవాటాలు, సెన్సార్లు మాత్రం ప్రపంచంలో కొద్ది సంస్థలే తయారు చేసేవి. వాటికి అన్ని దేశాల నుంచీ ఒకేసారి గిరాకీ వచ్చింది.

ఈ దశలో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీవో) తోడ్పాటు కీలకమైంది. విమానాలలో, క్షిపణులలో వాయు ప్రవాహాలను, పీడనాలను నియంత్రించే పరిజ్ఞానం ఆ సంస్థకు ఉన్నది. సూక్ష్మ కవాటాల వంటి భాగాలను దేశీయ పరిశ్రమల ద్వారా తయారు చేయించడానికి ఆ అనుభవం ఉపయోగపడింది. స్కన్‌రే రూపకల్పన, డీఆర్‌డీవో సాంకేతిక సహకారం, బీఈఎల్ ఉత్పత్తి సామర్థ్యం ఒకచోట చేరడంతో సీవీ-200 నమూనా పెద్ద ఎత్తున తయారైంది. రాడార్లు, సమాచార పరికరాలు తయారు చేసే ప్రభుత్వ రంగ సంస్థ ఐసీయూ యంత్రాల ఉత్పత్తికి మళ్లడం విశేషం. అప్పటికే ఉన్న ఒక రూపకల్పనను ఆధారం చేసుకొని ఉత్పత్తిని పెంచిన విధానం ఇది. పూర్తిగా కొత్త యంత్రాన్ని మొదటి నుంచి రూపొందించడం కన్నా ఇది వేగవంతమైన మార్గం.

విశాఖ మెడ్‌టెక్ జోన్ పాత్ర

విశాఖపట్నం నగర శివారులోని పెదగంట్యాడ ప్రాంతంలో 270 ఎకరాల విస్తీర్ణంలో రూపుదిద్దుకున్న ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌కు 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 2018 డిసెంబరు 13న ప్రారంభమైంది. వైద్య పరికరాల తయారీకే ప్రత్యేకించి రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ ఇది.

వైద్య పరికరాల తయారీలో చిన్న పరిశ్రమలను వెనక్కు లాగే ప్రధాన అంశం పరీక్షా సదుపాయాల ఖర్చు. యంత్రం విద్యుత్ భద్రతను, ఇతర పరికరాల తరంగాల వల్ల దాని పనితీరు చెదరకుండా ఉండడాన్ని, రోగి శరీరానికి తగిలే పదార్థాల హానిరాహిత్యాన్ని ప్రయోగశాలలో నిర్ధారించాలి. ప్రతి తయారీదారు ఇటువంటి ప్రయోగశాలను సొంతంగా నెలకొల్పుకోలేడు. మెడ్‌టెక్ జోన్‌లో ఈ సదుపాయాలను ఉమ్మడిగా ఏర్పాటు చేసి అక్కడి పరిశ్రమలన్నీ వాడుకునే వీలు కల్పించారు. త్రీడీ ముద్రణ, గామా కిరణాలతో సూక్ష్మజీవ రహితం చేసే ఏర్పాట్లు కూడా ఈ ఉమ్మడి సదుపాయాలలో భాగం. ఆరోగ్య సాంకేతిక రంగంలో అధ్యయనాలు చేసే కలాం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ టెక్నాలజీ సైతం ఈ ప్రాంగణంలోనే నెలకొంది.

ప్రారంభమైన ఏడాదిన్నర లోపే వచ్చిన మహమ్మారి ఈ ఏర్పాటుకు పరీక్షగా నిలిచింది. 2020 ఏప్రిల్‌లో ఇక్కడ తయారైన కొవిడ్ పరీక్షా కిట్లను రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేసింది. వెంటిలేటర్ల ఆర్డర్లు ఆ వెనువెంటనే వచ్చాయి. స్థలం, ప్రయోగశాలలు, గిడ్డంగులు ముందుగానే సిద్ధంగా ఉండడం వల్లనే ఇంత త్వరగా స్పందించడం సాధ్యమైంది. ఆపద వచ్చిన తరువాత ప్రయోగశాల నిర్మాణం మొదలుపెట్టి ఉంటే తొలి విడత ముగిసే నాటికి పునాదులు కూడా పూర్తయ్యేవి కావు. సంక్షోభ కాలంలో ఉపయోగపడిన సదుపాయం సాధారణ కాలంలో పెట్టిన పెట్టుబడి ఫలితమేనని ఈ అనుభవం తెలుపుతున్నది.

హైదరాబాద్, ఇతర పరిశోధన సంస్థలు

వైద్య పరికరాల దేశీయ రూపకల్పనలో హైదరాబాద్‌కు మంచి చరిత్ర ఉంది. డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు కృషితో 1990లలో రూపొందిన కలాం-రాజు స్టెంట్ ఇందుకు తొలి ఉదాహరణలలో ఒకటి. క్షిపణి పరిశోధనలో వికసించిన పరిజ్ఞానం రోగికి చౌకగా అందవచ్చునన్న ఆలోచన అప్పుడే రూపుదాల్చింది.

2020లో ఐఐటీ హైదరాబాద్‌లో పురుడు పోసుకున్న ఏరోబయోసిస్ సంస్థ 'జీవన్ లైట్' పేరుతో తక్కువ ఖర్చు వెంటిలేటర్‌ను రూపొందించింది. విద్యుత్తు లేకపోయినా బ్యాటరీ సహాయంతో 5 గంటల పాటు పనిచేసేలా, దూరం నుంచి మొబైల్ ఫోన్ ద్వారా గమనించే వీలుతో దీనిని తీర్చిదిద్దారు. అంటువ్యాధి రోగి వద్దకు సిబ్బంది మాటిమాటికీ వెళ్లవలసిన అవసరాన్ని తగ్గించడం ఈ రెండో ఏర్పాటు ఉద్దేశం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 37 రోజుల్లో రూపొందించిన 'వైటల్' వెంటిలేటర్ తయారీకి 2020 మే నెలలో లైసెన్సు పొందిన మూడు భారతీయ సంస్థలలో హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్ ఒకటి. ఇది రైల్వే విద్యుత్ పరికరాల రంగంలోని సంస్థ కావడం గమనార్హం. మిగిలిన రెండు ఆల్ఫా డిజైన్ టెక్నాలజీస్, భారత్ ఫోర్జ్.

బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల (ఎన్ఏఎల్) 36 రోజుల్లో 'స్వస్థ వాయు' అనే బైపాప్ పరికరాన్ని తయారు చేసింది. కాన్పూర్ ఐఐటీ ప్రాంగణంలో ఎదిగిన నొక్కా రోబోటిక్స్ సంస్థ సౌర ఫలకాలను శుభ్రపరిచే రోబోల తయారీ నుంచి వెంటిలేటర్ల తయారీకి మళ్లింది. 2021లో తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం 'ప్రాణ', 'వావు', 'స్వస్త' అనే మూడు నమూనాలను రూపొందించి, వాటి పరిజ్ఞానాన్ని పరిశ్రమలకు బదిలీ చేయడానికి సంసిద్ధత తెలిపింది. వీటిలో 'ప్రాణ' అంబు బ్యాగ్‌ను యంత్రంతో నొక్కే పద్ధతిలోనూ, 'స్వస్త' విద్యుత్తు లేకుండా వాయు పీడనంతోనూ పనిచేస్తాయి.

నమూనా తయారు కావడం, అనుమతి పొందడం, వందల సంఖ్యలో ఉత్పత్తి కావడం, ఆసుపత్రిలో నిలదొక్కుకోవడం వేర్వేరు మెట్లు. 2020లో దేశవ్యాప్తంగా ప్రకటించిన నమూనాలన్నీ చివరి మెట్టు వరకు చేరలేదు. అంబు బ్యాగ్‌ను నొక్కే సాధారణ యంత్రాలు కొద్ది సేపటి అవసరానికి, తరలింపునకు పనికివస్తాయే గాని, వారాల తరబడి ఐసీయూలో ఉండే కొవిడ్ రోగికి అవసరమైన సున్నిత నియంత్రణను అందించలేవు.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్ ప్రభుత్వం 2020 మార్చిలో అత్యవసర వెంటిలేటర్లకు ఉండవలసిన కనీస లక్షణాలను ప్రకటించి పరిశ్రమలను ఆహ్వానించింది. వెంటిలేటర్ చాలెంజ్ పేరుతో ఏర్పడిన పరిశ్రమల కూటమి జూలై ఆరంభానికి 13,437 యంత్రాలను అందజేసింది. ఇవన్నీ పెన్లాన్, స్మిత్స్ సంస్థల వద్ద అప్పటికే ఉన్న పరిజ్ఞానం ఆధారంగా తయారైనవి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ, మెర్సిడెస్ రేసు కార్ల ఇంజన్ల విభాగం కలిసి తొలి సమావేశం జరిగిన 100 గంటల లోపే సీపాప్ పరికరాన్ని తయారు చేశాయి. ఇది కూడా పాత పరికరాన్ని విప్పి చూసి మెరుగుపరిచినదే. ఏప్రిల్ 7న ఆ నమూనాను ఇతర దేశాల తయారీదారులకు ఉచితంగా విడుదల చేశారు. మెడ్‌ట్రానిక్ సంస్థ తన పీబీ-560 వెంటిలేటర్ నమూనా వివరాలను 2020 మార్చి 30న బహిరంగపరచింది. ఆపత్కాలంలో వేగంగా ఫలించింది కొత్త ఆవిష్కరణ కన్నా పరీక్షకు నిలిచిన పాత రూపకల్పనే అన్నది అన్ని దేశాల అనుభవం నుంచి తేలిన సారాంశం.

రెండో విడత: ప్రాణవాయువు కొరత

దేశీయ ఉత్పత్తి పుంజుకోవడంతో 2020 ఆగస్టు 1న మంత్రుల బృందం స్వదేశీ వెంటిలేటర్ల ఎగుమతికి సమ్మతించింది. అప్పటికి దేశంలో 20కి పైగా తయారీదారులు ఉన్నట్లు కేంద్రం తెలిపింది. అయితే 2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన రెండో విడతలో కొరత యంత్రాల నుంచి ఆక్సిజన్‌కు మారింది. మొదటి విడతలో రోజుకు గరిష్ఠంగా 3,095 టన్నులుగా ఉన్న వైద్య ఆక్సిజన్ గిరాకీ రెండో విడతలో సుమారు 9,000 టన్నులకు చేరింది.

ఈ లెక్కను ఆసుపత్రి స్థాయిలో చూస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ పట్టే పెద్ద సిలిండర్, నిమిషానికి 10 లీటర్లు తీసుకునే రోగికి పదకొండున్నర గంటలకు పైగా సరిపోతుంది. హై ఫ్లో పరికరంపై నిమిషానికి 60 లీటర్లు తీసుకునే రోగికి అదే సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. యంత్రాల సంఖ్య పెంచి ఆక్సిజన్ సరఫరా పెంచకపోతే ఉన్న నిల్వ మరింత త్వరగా అడుగంటుతుంది.

ఈ సమయంలో విశాఖ ఉక్కు కర్మాగారం ఉత్పత్తి చేసే ద్రవ ఆక్సిజన్ ఇతర రాష్ట్రాలను ఆదుకుంది. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఖాళీ ట్యాంకర్లతో 2021 ఏప్రిల్ 19న నవీ ముంబయి సమీపంలోని కలంబోలి నుంచి బయలుదేరి విశాఖపట్నం చేరింది. ఇక్కడ 7 ట్యాంకర్లలో ఆక్సిజన్ నింపుకొని ఏప్రిల్ 22న మహారాష్ట్రకు తిరుగు ప్రయాణమైంది.

ఆసుపత్రి ఆవరణలోనే ఆక్సిజన్ ఉత్పత్తి చేసే పీఎస్ఏ ప్లాంట్లు దీర్ఘకాలిక పరిష్కారంగా ముందుకు వచ్చాయి. జియోలైట్ అనే పదార్థం పీడనంలో నైట్రోజన్‌ను పట్టి ఉంచుకొని, పీడనం తగ్గినప్పుడు విడిచిపెడుతుంది. రెండు గోపురాలలో ఈ ప్రక్రియను మార్చి మార్చి నడిపితే ఆక్సిజన్ నిరంతరంగా లభిస్తుంది. తేజస్ యుద్ధ విమానంలో పైలట్‌కు ఆక్సిజన్ అందించడానికి డీఆర్‌డీవో రూపొందించిన పరిజ్ఞానాన్ని ఇందుకు వినియోగించారు. నిమిషానికి 1,000 లీటర్లు ఉత్పత్తి చేసే ఈ ప్లాంటు, ఒక్కొక్కరికి 5 లీటర్ల చొప్పున 190 మంది రోగులకు సరిపోతుంది. హై ఫ్లో పరికరాలపై ఉన్న వారికైతే అదే ప్లాంటు 16 మందికి మించి చాలదు. అందువల్ల ప్లాంటు సామర్థ్యాన్ని పడకల సంఖ్యతో కాక, రోగుల అవసరంతో లెక్కించవలసి ఉంటుంది.

పీఎం కేర్స్ నిధులతో దేశంలో మొత్తం 1,224 పీఎస్ఏ ప్లాంట్లు చేపట్టగా, 2021 అక్టోబరు 7 నాటికి 1,100కు పైగా వాడుకలోకి వచ్చినట్లు కేంద్రం వెల్లడించింది. ఆంధ్రప్రదేశ్‌లో 144 ఆక్సిజన్ ఉత్పత్తి ప్లాంట్లను రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరి 10న ప్రారంభించింది.

వాడుకలోకి రాని యంత్రాలు: కారణాలు

కొన్ని రాష్ట్రాలలో వెంటిలేటర్లు గిడ్డంగులలో నిరుపయోగంగా ఉన్నాయని, మరికొన్ని చోట్ల అమర్చినవి సరిగా పనిచేయడం లేదని 2021 మే నెలలో ఫిర్యాదులు వచ్చాయి. 2021 మే 15న జరిగిన ఉన్నత స్థాయి సమీక్షలో ప్రధానమంత్రి ఈ అంశాన్ని తీవ్రంగా పరిగణించి, కేంద్రం సరఫరా చేసిన వెంటిలేటర్ల అమరిక, పనితీరుపై తక్షణం ఆడిట్ జరపాలని, అవసరమైతే సిబ్బందికి పునశ్చరణ శిక్షణ ఇవ్వాలని ఆదేశించారు. యంత్రంలో లోపమని ఆసుపత్రులు, ఆసుపత్రి ఏర్పాట్లలో లోపమని తయారీదారులు వాదించిన సందర్భాలు ఉన్నాయి. మంచంపై ఉన్న రోగికి ఈ రెండింటి మధ్య తేడా లేదు.

ఇటువంటి పరిస్థితికి సాంకేతికంగా దారితీసే కారణాలు ముఖ్యంగా అయిదు.

1. ఆక్సిజన్ పీడనం: చాలా ఐసీయూ వెంటిలేటర్లకు పైపులైనులో సుమారు 4 బార్ల పీడనం అవసరం. చివరి వార్డులలో పీడనం పడిపోతే యంత్రం అలారం మోగించి ఆగిపోవచ్చు. కాన్సంట్రేటర్ నుంచి వచ్చే తక్కువ పీడన ఆక్సిజన్‌తో ఇటువంటి యంత్రాలు నడవవు.

2. విద్యుత్తు: వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల ఎలక్ట్రానిక్ భాగాలు దెబ్బతింటాయి. యూపీఎస్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

3. అరిగే భాగాలు: ఫ్లో సెన్సార్లు, ఆక్సిజన్ సెన్సార్లు, ఫిల్టర్లు, గొట్టాల సెట్లు నిర్ణీత కాలం తరువాత మార్చవలసినవి. తేమ చేరిన సెన్సార్ తప్పుడు రీడింగు చూపుతుంది. యంత్రంతో పాటు ఇవి కొనుగోలు చేయకపోతే కొద్ది వారాల్లోనే యంత్రం మూలకు చేరుతుంది.

4. సిబ్బంది: వెంటిలేటర్ అమరికలను రోగి పరిస్థితిని బట్టి గంట గంటకూ మార్చవలసి రావచ్చు. ఇందుకు మత్తు వైద్యులు, ఐసీయూ నర్సులు, శ్వాస చికిత్స సాంకేతిక నిపుణులు కావాలి.

5. మరమ్మతు: బయోమెడికల్ ఇంజినీరు అందుబాటులో లేని ఆసుపత్రిలో చిన్న లోపం సైతం యంత్రాన్ని పక్కన పెట్టిస్తుంది.

ప్రమాణాలు, చట్టపరమైన నిబంధనలు

వైద్య పరికరాల నిబంధనలు 2017లో రూపొంది 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2020 ఫిబ్రవరి 11 నాటి నోటిఫికేషన్ ద్వారా వైద్య పరికరాలన్నింటినీ ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు. ఇది 2020 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజించారు. వెంటిలేటర్ సీ తరగతికి చెందుతుంది. ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. ఐసీయూ వెంటిలేటర్ల భద్రత, పనితీరుకు ఐఎస్ఓ 80601-2-12 అంతర్జాతీయ ప్రమాణం వర్తిస్తుంది.

దేశీయ ఉత్పత్తిని ప్రోత్సహించేందుకు 3,420 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2020 మార్చిలో ఆమోదించింది. మత్తు, గుండె, శ్వాస సంబంధ పరికరాలు ఈ పథకం పరిధిలో ఉన్నాయి. జాతీయ వైద్య పరికరాల విధానానికి 2023 ఏప్రిల్ 26న ఆమోదం లభించింది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద 2017లో శంకుస్థాపన జరిగిన మెడికల్ డివైజెస్ పార్కు ఈ రంగంలో మరొక ముఖ్య కేంద్రం.

అధికారులు పరిశీలించవలసిన అంశాలు

అత్యవసర కాలంలో సమకూరిన యంత్రాలు, ప్లాంట్లు వాడకం తగ్గినప్పుడు నిర్లక్ష్యానికి గురయ్యే ప్రమాదం ఎక్కువ. జిల్లా, ఏరియా ఆసుపత్రుల తనిఖీలలో ఈ దిగువ అంశాలను నమోదు చేయడం ప్రయోజనకరం.

- ఆసుపత్రిలో ఉన్న వెంటిలేటర్లలో ఆ రోజున పనిచేసే స్థితిలో ఉన్నవి ఎన్ని. పనిచేయని వాటికి కారణం ఏమిటి.
- ప్రతి యంత్రానికి చివరిసారి క్రమాంకనం జరిపిన తేదీ. వారంటీ, వార్షిక నిర్వహణ ఒప్పందం గడువు.
- సెన్సార్లు, ఫిల్టర్లు, గొట్టాల సెట్ల నిల్వ.
- పీఎస్ఏ ప్లాంటును నెలలో ఎన్ని గంటలు నడిపిందీ, ఆక్సిజన్ స్వచ్ఛత శాతం ఎంత నమోదైందీ. ప్లాంటును చాలాకాలం నడపకుండా వదిలివేస్తే తేమ చేరి జియోలైట్ దెబ్బతింటుంది.
- ఐసీయూ చివరి పడక వద్ద ఆక్సిజన్ పీడనం.
- గత ఆరు నెలల్లో వెంటిలేటర్ వాడకంపై శిక్షణ పొందిన వైద్యులు, నర్సుల సంఖ్య; బదిలీ అయిన వారి స్థానంలో వచ్చిన వారికి శిక్షణ జరిగిందీ లేనిదీ.

ముఖ్య తేదీలు

2018 డిసెంబరు 13: విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ప్రారంభం.
2020 మార్చి: వెంటిలేటర్ల ఎగుమతిపై నిషేధం.
2020 మే 1: 75,000 వెంటిలేటర్ల అవసరం ఉన్నట్లు అంచనా, మెడ్‌టెక్ జోన్‌కు 13,500 ఆర్డరు వెల్లడి.
2020 మే 13: పీఎం కేర్స్ నుంచి వెంటిలేటర్లకు 2,000 కోట్ల రూపాయల కేటాయింపు.
2020 ఆగస్టు 1: స్వదేశీ వెంటిలేటర్ల ఎగుమతికి మంత్రుల బృందం సమ్మతి.
2021 ఏప్రిల్ 22: విశాఖపట్నం నుంచి తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్.
2021 మే 15: వెంటిలేటర్ల అమరిక, పనితీరుపై ఆడిట్‌కు ఆదేశం.
2022 జనవరి 10: ఆంధ్రప్రదేశ్‌లో 144 ఆక్సిజన్ ప్లాంట్ల ప్రారంభం.
2023 ఏప్రిల్ 26: జాతీయ వైద్య పరికరాల విధానానికి ఆమోదం.
2023 అక్టోబరు 1: వెంటిలేటర్లతో సహా సీ, డీ తరగతి పరికరాలకు లైసెన్సు తప్పనిసరి.